చెలకలో కుందేలు ఎవరిది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి ప్రతిలో 16వ సెక్షన్ ఒకటి ఉండేది. 1991 సవరణలో దాన్ని తీసేశారు. వేటగాడు చేయకూడని పనులన్నీ అందులో వరుసగా రాసి ఉండేవి. మోటారు బండి మీదనుంచి కాల్చకూడదు. నీళ్లు తాగే చోట మాటు వేయకూడదు. వేట కోసం గడ్డికి నిప్పు పెట్టకూడదు. ఈ వరుసలోనే మరో నిబంధన ఉంది: ప్రభుత్వానిది కాని భూమిలో వేటాడాలంటే ఆ భూమి యజమాని గానీ, అతని తరఫు మనిషి గానీ, చట్టప్రకారం ఆ భూమిని అనుభవిస్తున్నవాడు గానీ ఒప్పుకోవాలి. నల్లగొండ, పాలమూరు చెలకల్లో తరతరాలుగా నోటి మాటగా నడిచిన ‘మీ చేన్ల పడుతున్నం పటేలా’ అని అడిగే పద్ధతికి చట్టంలో దొరికిన చోటు అదే.

అయితే అదే సెక్షన్‌లో ఇంకో మూడు నిషేధాలున్నాయి. వలలు, ఉచ్చులు వాడకూడదు. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా వేటాడకూడదు. నీటిపక్షులు, కౌజులు, పూరేళ్ల వంటి కొన్ని పిట్టలకు తప్ప కుక్కల సాయం తీసుకోకూడదు. కుందేలును పట్టే పేదవాడి చేతిలో ఉన్నవి వల, ఉచ్చు, కుక్క. అంటే రైతు దగ్గరికి వెళ్లి నిలబడి అడగవలసిన మనిషిని చట్టం ముందే పక్కకు తప్పించి, ఆ తర్వాత రైతు అనుమతి గురించి మాట్లాడింది. ఈ విడ్డూరం 1972లో కొత్తగా పుట్టింది కాదు.

ముందు కుందేలు సంగతి. మన చెలకల్లో తిరిగేది బొరియ తవ్వే జంతువు కాదు. పగలంతా రేగు పొద కిందో, బలుసు కంప చాటునో, గడ్డి దుబ్బులోనో ఒళ్లు ముడుచుకుని పడుకుంటుంది. చీకటి పడ్డాక పెసర, బొబ్బెర, పల్లి మొలకల మీదికి వస్తుంది. దీని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి. ఐరోపాలోని రాబిట్ అనే చిన్న కుందేలు వేరు. అది నేల కింద బొరియలు తవ్వుకుని మందగా కాపురం ఉంటుంది. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. దాన్ని బయటికి తరమడానికి అక్కడివాళ్లు ఫెరెట్ అనే పెంపుడు జంతువును బొరియలోకి వదిలి, నోటి దగ్గర వల పరుస్తారు. చూపుకు మన ముంగిసలా ఉన్నా అది వేరే జాతి. గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో స్పెయిన్ గురించి రాస్తూ ఈ పద్ధతిని రెండు వేల ఏళ్ల కిందటే వర్ణించాడు. బలియారిక్ దీవులవాళ్లు కుందేళ్ల బెడద భరించలేక అగస్టస్ చక్రవర్తిని సైనికుల సాయం అడిగారని రోమన్ రచయిత ప్లినీ చెబుతాడు. మన నేలలో బొరియ లేదు కనుక ఫెరెట్‌కు పని లేదు. ఆ పని ఇక్కడ చేసేది కుక్క, పొదల్ని అదిలించే పదిమంది మనుషులు.

జంతువు వేరైనా తగాదా ఒక్కటే. ఇంగ్లండులో రెండో రిచర్డ్ కాలంలో, 1390లో ఒక శాసనం వచ్చింది. ఏడాదికి నలభై షిల్లింగుల ఆదాయమిచ్చే భూమి లేని సామాన్యుడు వేటకుక్కను పెంచకూడదని, ఫెరెట్లనూ వలలనూ కుందేటి ఉచ్చులనూ వాడకూడదని దాని సారాంశం. వేట పెద్దమనుషుల వినోదమని, పనివాళ్లు వేట పేరుతో గుంపుగా చేరి కుట్రలు చేస్తారని ఆ శాసనం భయపడింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1381లో, అక్కడ పెద్ద రైతు తిరుగుబాటు జరిగిందని గుర్తుంటే ఆ భయం ఎక్కడిదో తెలుస్తుంది. 1865లో బ్లేడ్స్, హిగ్స్ అనేవాళ్ల మధ్య ఒక కుందేళ్ల కేసు ప్రభువుల సభ దాకా వెళ్లింది. ఒకడు మరొకరి భూమిలో దొంగచాటుగా చంపిన కుందేళ్లు ఎవరివి? భూయజమానివే అని తీర్పు వచ్చింది. ఆ భూమి ఎక్సెటర్ మార్క్విస్‌ది. పంట నష్టపోతున్నా కుందేలును ముట్టుకునే హక్కు లేని కౌలుదార్ల గోడు విని, 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. తాను సాగు చేసే నేలలో కుందేళ్లను చంపే హక్కు కౌలుదారుకు వచ్చింది. భూస్వామి ఒప్పందం రాయించుకున్నా ఆ హక్కు పోదు. కౌలుదారు వేరొకరిని పంపాలంటే మాత్రం చేతికి రాతపూర్వకమైన అధికారం ఇవ్వాలి.

ఆ చట్టం వచ్చేనాటికి నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో కౌలుదారు అనే మనిషికి రాసిచ్చిన హక్కు దాదాపు ఏదీ లేదు. హైదరాబాద్ దివాను మొదటి సాలార్‌జంగ్ 1865లో చేపట్టిన జిలాబందీతో నిజాం రాజ్యం జిల్లాలుగా ఏర్పడింది. పన్ను వసూలు గుత్తేదార్ల చేతినుంచి సర్కారు ఉద్యోగుల చేతికి వచ్చింది. ఆ గుత్తలు పోయిన దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు మాత్రం సర్వే సెటిల్‌మెంట్ల కాలంలో వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. నల్లగొండ జిల్లా ఈ దేశ్‌ముఖ్‌లకు పెట్టింది పేరు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షా యాభై వేల ఎకరాలున్నట్టు రాశారు. పాలమూరు సంగతి కొంచెం వేరు. అక్కడ గద్వాల, వనపర్తి, కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానాలు ఉండేవి. రాజుగారి అడవి, దొరగారి కంచె, జాగీర్దారు బంజరు... పేర్లు మారినా గెట్టు దాటేవాడు ఎవరి మొహం చూడాలో ఊళ్లో అందరికీ తెలుసు.

పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మీదుగా 1890లో వచ్చింది. ఆయన పులుల వేటలో పేరు మోసిన మనిషి. లాలా దీన్‌దయాళ్ కెమెరా ఆ కాలపు వేటల్ని పట్టి ఉంచింది: 1902లో కర్జన్ దంపతులు హైదరాబాద్ రాజ్యానికి వచ్చినప్పుడు తీసిన ఫొటోల్లో పడి ఉన్న పులి, పక్కన తుపాకీ పట్టుకున్న వైస్రాయి కనిపిస్తారు. పొదల్ని కొట్టి, డప్పులు వాయించి పులిని ఎదురుగా తోలే పని చేసే ఊరివాళ్లు ఇలాంటి ఫొటోలకు అంచుల్లో ఉంటారు, లేదా అసలు ఉండరు. వెట్టి అంటే దొర పొలంలో ఉచితంగా నాగలి పట్టడం ఒక్కటే కాదు. దౌరాకు వచ్చిన అధికారి సామాను మోయడం, గుర్రానికి గడ్డి కోయడం, వంటచెరకు చేర్చడం, కోళ్లూ మేకలూ సమర్పించడం అన్నీ వెట్టిలోకే వస్తాయి. అధికారికి వేట సరదా ఉంటే అదిలించే మనుషుల్ని పోగుచేయడం పోలీసు పటేలు వంతు. తనకోసం కుందేలు పట్టుకోవాలంటే అనుమతి అడగాల్సిన మనిషే, దొర కోసమైతే అడగకుండానే తోలుకుపోబడేవాడు.

దీని మీద పల్లె నవ్విన నవ్వు ఒకటి మిగిలింది. పిట్టల దొర వేషం. తుపాకిరాముడనీ అంటారు. పాత ఖాకీ ప్యాంటు, చిరిగిన కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ. వాకిట్లో నిలబడి తన జాగీర్ల గురించీ వేటల గురించీ ఊపిరి తిప్పుకోకుండా కోతలు కోస్తాడు. గాలిలో ఎగిరే పిట్టను గురి చూసినట్టు కట్టె తుపాకీ ఎత్తి, గురి కుదరలేదన్నట్టు దించేస్తాడు. చివరికి చేయి చాపేది దోసెడు బియ్యానికే. పిట్టలు పట్టి బతికే కులపువాడు సాహెబు వేషం వేసుకుని, సాహెబునీ దొరనీ ఒకే మాటతో దించేస్తాడు. ఆ కాలపు వేట హక్కుల గురించి ఇంతకంటే సూటి వ్యాఖ్య నాకు ఏ దస్తావేజులోనూ కనిపించలేదు.

దొరల సంగతి అటుంచితే, మామూలు రైతు చేలో వేట ఎలా సాగేది? దాన్ని పంటకాలం నడిపించేది. కోత అయ్యేదాకా చేను రైతుది. పిందె మీద ఉన్న కంది చేలో, ఈనుతున్న జొన్న చేలో కుక్కలతో దిగితే తిట్లే కాదు, వడిసెల రాయి కూడా తగలొచ్చు. మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలే పిల్లవాడి చేతిలో ఉండే ఆయుధం అదే. కోతలయ్యాక అదే చేను చాలామందికి తెరుచుకుంటుంది. పశువులు కొయ్యకాళ్లు మేస్తాయి. ఆడవాళ్లు పరిగె ఏరుకుంటారు. గొల్లకురుమల మందను ఎరువు కోసం రైతే పిలిచి ఆపించుకుంటాడు. కుందేలు వేట కూడా ఈ కాలంలోదే. సంక్రాంతి దాటినప్పటి నుంచి మృగశిర దాకా నేల బోసిగా ఉంటుంది, జంతువుకు చాటు తక్కువ, మనుషులకు పని తక్కువ. మొలకలు నష్టపోయిన రైతుకు వేటగాళ్లు రావడం కొంత లాభమే. అందుకే అనుమతి అనేది చాలావరకు ఎదురుపడ్డప్పుడు చెప్పే మాట, దానికి ఊపే తల. గెట్టు రాయి కదలకూడదు, కంప తీసిన చోట మళ్లీ పెట్టాలి, బావిగడ్డ తొక్కకూడదు. అడిగేవాడి కులాన్ని బట్టి ఆ తల ఊపడంలో తేడా ఉండేదన్నది కూడా దాచాల్సిన విషయం కాదు. పటేలు కొడుకు అడగడు. బోయవాడో, ఎరుకలవాడో, పిట్టలవాడో దూరంగా నిలబడి అడుగుతాడు.

వేట తీరు చెప్పడం తేలిక, చేయడం కష్టం. కుందేలుకు అలవాటైన దారులుంటాయి. కంచెలో ఏ సందులోంచి నిన్న దూరిందో రేపూ ఆ సందులోంచే దూరుతుంది. అక్కడ ఉచ్చు కడతారు. మందిగా వెళితే గెట్టు పొడుగునా కర్రలు పాతి వల నిలబెడతారు. మిగతావాళ్లు అటువైపు నుంచి పొదల్ని కొడుతూ, అరుస్తూ వస్తారు. కుందేలు చివరిదాకా లేవదు. కాలు పడేంత దగ్గరికి వచ్చాకే దిగ్గున లేచి, వంకరటింకరగా ఉరుకుతుంది. కుక్క తిన్నగా ఉరుకుతుంది కనుక మలుపు దగ్గర వెనకపడుతుంది. చెలక నేలలో రాళ్లుంటాయి, గుండ్ల సందులుంటాయి. పది లేచిన చోట ఒకటి వలలో పడితే మంచి పొద్దే.

కృష్ణ ఒడ్డున నల్లమల కొండల మీద లెక్క వేరేగా ఉండేది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1940లో అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల మధ్య గడిపి, 1943లో వారి మీద పుస్తకం వేశాడు. ప్రపంచ యుద్ధం వల్ల శత్రుదేశపు పౌరుడిగా హైదరాబాద్ రాజ్యంలో చిక్కుకుపోవడం ఆయనకెలా ఉన్నా, మన చరిత్రకు కలిసొచ్చింది. ఆయన చూసిన చెంచులు విల్లంబులు పట్టినా, వాళ్ల కడుపు నింపింది వేటకంటే గడ్డలూ పండ్లే. ప్రతి గుంపుకూ తనదైన ఎల్ల ఉండేది. గడ్డ తవ్వడానికైనా జంతువు వెంట పోవడానికైనా ఎవరి ఎల్ల ఎక్కడిదాకానో అందరికీ తెలుసు. పెళ్లి చేసుకున్నవాడు భార్య వైపు గుంపులోనూ చేరవచ్చు. అంటే అక్కడ అనుమతి పట్టాలో లేదు, చుట్టరికంలో ఉంది. పీఠభూమి మీది ఊళ్లలో ఉన్న చెంచులు రైతుల పంటలకు కావలి కాసి గింజలు తీసుకునేవారు. అడవిపందినీ కుందేలునీ చేలోకి రాకుండా చూడటమే ఆ కొలువు. అక్కడ రైతు అవసరం, వేటగాడి నైపుణ్యం ఒకదానికొకటి పనికొచ్చాయి.

1946లో నల్లగొండలో భూమి ఎవరిదన్న ప్రశ్నే తుపాకుల దాకా వెళ్లింది. జూలై 4న, అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉన్న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో చనిపోయాడు. అటు తుపాకులు, ఇటు కర్రలూ వడిసెలలూ. తరువాతి సంగతులు తెలిసినవే: 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో రక్షిత కౌలుదార్ల చట్టం, 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి దానమిచ్చిన వంద ఎకరాలు, 1973లో భూసంస్కరణల చట్టం. చెలకలు ముక్కలయ్యాయి. ఒక దొర తల ఊపితే చాలిన చోట ఇప్పుడు పాతికమంది పట్టాదారులు వచ్చారు.

తుపాకీ మాత్రం అంత తేలిగ్గా పంపకం కాలేదు. 1959 ఆయుధాల చట్టం పంట రక్షణకు మందు దట్టించే తుపాకీకి, ఆత్మరక్షణకో వేట క్రీడకో సాదా గొట్టం తుపాకీకి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు చేసింది. కాగితం మీద అది అందరికీ. ఆచరణలో పంట రక్షణ అంటే ముందు పంట ఉండాలి, పంటకు భూమి ఉండాలి, దరఖాస్తుకు తహసీలు, పోలీసు రెండూ సరే అనాలి.

ఇలాంటి నేపథ్యంలో 1972 సెప్టెంబరు 9న వన్యప్రాణి చట్టం వచ్చింది. వన్యప్రాణులు అప్పట్లో రాష్ట్రాల అంశం. కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి అడిగితే పార్లమెంటు ఈ చట్టం చేసింది. చట్టం పీఠికలో ఆ రాష్ట్రాల జాబితా మొదలయ్యేది ఆంధ్రప్రదేశ్‌తోనే. జంతువుల్ని షెడ్యూళ్లుగా విడదీశారు. కుందేలు నాలుగో షెడ్యూలులో, చిన్న వేట జంతువుల్లో చేరింది. చిన్న వేటకు ప్రత్యేక లైసెన్సు, రుసుము, వేట నిషిద్ధ కాలం, చంపినవాటి లెక్క. లైసెన్సు ఉన్నా పరాయి చేలో దిగాలంటే రైతు అనుమతి. ఇంగ్లండు 1880లో కౌలుదారుకు ఇచ్చిన గౌరవం కొంత ఇక్కడా కనిపిస్తుంది, ఎందుకంటే చట్టబద్ధంగా అనుభవంలో ఉన్నవాడి మాట కూడా చెల్లుతుందన్నారు. కానీ ముందు చెప్పినట్టు వల, ఉచ్చు, రాత్రి, కుక్క నాలుగూ పోయాయి. మిగిలింది పగటిపూట తుపాకీ. పట్నం నుంచి జీపులో వచ్చి, దిగి నడిచి, తెలిసిన రైతును అడిగి కాల్చే పెద్దమనిషి చట్టబద్ధ వేటగాడయ్యాడు. తాతల నాటి వలతో గెట్టు వెంట నిలబడ్డవాడు నేరస్థుడయ్యాడు. జంతువుల్ని కాపాడాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. వల, కుక్క, రాత్రి దీపం మందలకు మందల్ని తుడిచేయగలవన్నది నిజమే. కానీ పేదవాడి పనిముట్ల మీద నిషేధం, ఉన్నవాడి పనిముట్టుకు లైసెన్సు అనే తూకం 1390 నాటి ఇంగ్లండు శాసనాన్ని గుర్తుకు తెస్తుంది.

ఆ తూకం పందొమ్మిదేళ్లు నడిచింది. 1991 సవరణ వేట లైసెన్సులన్నిటినీ ఎత్తేసి మొదటి నాలుగు షెడ్యూళ్ల జంతువుల వేటను పూర్తిగా ఆపింది. 16వ సెక్షన్‌తో పాటు రైతు అనుమతి మాట కూడా పోయింది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలై, షెడ్యూళ్లను తిరగరాసి, కుందేలును రెండో షెడ్యూలులో పెట్టింది. చంపితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బ్లేడ్స్ కేసులో కుందేలు భూయజమానిది అయింది. మన చట్టం 39వ సెక్షన్ ప్రకారం అక్రమంగా వేటాడిన జంతువు రాష్ట్ర ప్రభుత్వానిది. వలా, బండీ కూడా దానితోపాటే పోతాయి.

అడవి మీద సంప్రదాయ హక్కుల్ని గుర్తించిన 2006 చట్టం కూడా వేట దగ్గరికి వచ్చేసరికి ఆగింది. మరే సంప్రదాయ హక్కైనా ఇస్తాం, వేటాడే హక్కు తప్ప, అని అందులోనే రాశారు. దేశం మొత్తంలో వన్యప్రాణి చట్టం వేట హక్కును మినహాయించింది నికోబార్ దీవుల గిరిజనులకే. అమ్రాబాద్ చెంచుకు ఆ మినహాయింపు లేదు. పంటకు కావలి కాసే కొలువూ ఇప్పుడు లేదు. దాని స్థానంలో చాలా ఊళ్లలో గెట్ల వెంట దొంగచాటుగా కరెంటు తీగ వచ్చింది. అది పందినీ కుందేలునీ మనిషినీ వేరుచేసి చూడదు, ఎవరి అనుమతీ అడగదు.

ఇటీవలి సంవత్సరాల్లో తెలంగాణ ప్రభుత్వం పంటను నాశనం చేసే అడవిపందుల విషయంలో అనుమతిచ్చే అధికారాన్ని సర్పంచుల దాకా దించింది. కుందేలుకు అలాంటి వెసులుబాటు లేదు. 11వ సెక్షన్ ప్రకారం నిలబడ్డ పంటకు అపాయమని నమ్మితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఒకప్పుడు వేటగాడు చేను గట్టున నిలబడి రైతును అడిగేవాడు. ఇవాళ తన చెలకలో, తన పల్లి మొలకలు కొరుకుతున్న కుందేలును తరమడం దాటి చంపాలనుకుంటే దరఖాస్తు పెట్టుకోవాల్సింది రైతే.